బరువు లేని మెమరీ

గురజాల మిర్చి కొట్టులో కాటా వేసే ఇశ్రాయేలు చేత్తో ఎత్తి చూడకుండా ఏ వస్తువూ కొనడు. బైబిలు కూడా అలాగే కొన్నాడు.

కూతురు సువార్త ఇంట్లోనే పెళ్లికార్డులు తయారు చేసే పని ఒప్పుకుంది. దానికి చౌకలో కంప్యూటర్ కావాలి. విడిభాగాలు కొని బిగించుకుందామని ఇద్దరూ నరసరావుపేట వెళ్లారు.

షాపులో ఇశ్రాయేలు కళ్లు మూసుకుని పవర్ సప్లైలను ఒక్కొక్కటే ఎత్తాడు. అన్నిటికన్నా బరువైనదాన్ని పక్కన పెట్టాడు.

"మంచిదే పట్టావు బాబాయ్," అన్నాడు షాపు శేషు. తరువాత మెమరీ ముక్కను అతని అరచేతిలో పెట్టాడు.

ఇశ్రాయేలు చేతిని పైకీ కిందకీ ఊపాడు.

"ఏందిరా ఇది? ఉత్త తాలు గదా!"

"అది లేకపోతే కంప్యూటర్ ఆన్ కాదు బాబాయ్."

"బరువు లేనిదానికి నేను డబ్బులియ్యను," అని ఇశ్రాయేలు గడప దాటబోయాడు.

సువార్త మెమరీని పవర్ సప్లై మీద పెట్టి, రబ్బరు బ్యాండు వేసి, తండ్రి చేతికిచ్చింది.

"ఇప్పుడు చూడు నాన్నా."

అతడు మళ్లీ కళ్లు మూసుకున్నాడు. రెండింటినీ కలిపి పైకీ కిందకీ ఊపాడు.

"ఇప్పుడు చానా బాగుంది," అన్నాడు. "ఇక బిల్లు రాయరా. మా కొట్టులో గోతం బరువుకి తీసినట్టే అట్టపెట్టె బరువుకీ తరుగు తియ్యి."