చాలు అంటే చాలూ

క్యాసెట్టులో రీలు జారితే పెన్సిలు వెతుక్కుంటూ పెరిగి, పెన్‌డ్రైవులు పారేసుకుంటూ ఉద్యోగాల్లో స్థిరపడిన తరం మాది. ఆ రోజుల్లో మా రాయపూర్ రైల్వే కాలనీ తెలుగువాళ్లు, మొండికేసిన ప్రింటరును ఒక్కసారి దారికి తెచ్చినవాణ్ణి ఇంజనీరు అనేవారు. నేను చదివింది బీకాం. ఈ సంగతి ఎవరికీ గుర్తు చేయకపోవడం నేను చేసిన మొదటి తప్పు. (రెండోది ల్యాప్‌టాప్ కొనడం.)

మా మేనత్త కూతురికి బిలాస్‌పూర్ సంబంధం కుదిరింది. వాళ్లూ తెలుగువాళ్లే, వాళ్లదీ రైల్వే కుటుంబమే. అత్తకు ఒకటే కోరిక: కూతురికి నలుగు పెట్టేటప్పుడు మా నాయనమ్మ పాటలు వినిపించాలి. నాయనమ్మ నిక్షేపంగా ఉంది గానీ, ఆవిడ పాడే గొంతు ఎప్పుడో రిటైరైపోయింది. ఒకప్పుడు పాడిన నలుగు పాటలన్నీ ఒకే ఒక్క క్యాసెట్టులో, అత్త బీరువాలో, పట్టుచీరల మధ్య పడుకుని ఉన్నాయి. "ఒరేయ్ ఇంజనీరూ, దీన్ని డీజేవాడి పెన్‌డ్రైవులోకి ఎక్కించరా. అమ్మ పాట ఇదొక్కటే మిగిలింది. జరా సంభాల్ కే, జాగ్రత్తరా!" అని పసిబిడ్డను అందించినట్టు రెండు చేతులతో అందించింది.

నేను ఆన్‌లైన్లో వెతికి, ఉన్నవాటిలో అతి చవకైన ప్లేయరు ఒకటి తెప్పించాను. అరచేతిలో పట్టేంతది. ఇటు క్యాసెట్టు పెడితే అటు తీగ ల్యాప్‌టాప్‌లోకి వెళ్తుంది, దారిలో పాట ఎంపీత్రీ అయిపోతుంది అని డబ్బా మీద ఇంగ్లీషులో రాసి ఉంది. వాళ్ల ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఇంచుమించు ఒకే స్థాయివి కావడంతో మా మధ్య అపార్థాలేమీ రాలేదు.

ఒక ఆదివారం పొద్దున్న అత్త ఇంటి ముందుగదిలో పని మొదలుపెట్టాను. నాయనమ్మ కూడా వింటుంది కదా అని ప్లేయరుకు చిన్న స్పీకరు తగిలించాను. అరగంట పాటలు ఎంపీత్రీ కావాలంటే అరగంటా పాడి తీరాల్సిందే. మొదటి రెండు నిమిషాలు అందరం గుడిలో కూర్చున్నట్టు కూర్చున్నాం. మూడో నిమిషంలో నాయనమ్మ విసుక్కుంది. "ఎవుర్రా ఈ మనిషి, ఇలగ సాగదీస్తంది?"

"నువ్వేనే అమ్మా," అంది అత్త.

"నానా? అయితే బాగానే ఉంది," అని తీర్పు మార్చి, నాయనమ్మ అసలు విషయానికొచ్చింది. "అది సరే గానీ, మన వియ్యపురాల్ని సూసినావా? మెట్లెక్కతంటే గూడ్సు బండి కొండ ఘాటెక్కినట్టే. యెనకాల ఇంకో ఇంజను తగిలించాల!"

"అమ్మా, తప్పు!" అని మందలించి, మందలింపు పూర్తికాకుండానే అత్త అందుకుంది. "ఆవిడ పులిహోర తిన్నావా మరి? అన్నాన్ని పసుపు నీళ్లతో కడిగినట్టు ఉంది." నేనూ ఒకటి అన్నాను. (అది ఇక్కడ రాయను. తరవాత విన్నవాళ్లకు ఎలాగూ గుర్తుంది.)

పాటలయ్యాక ఎంపీత్రీలో మొదటి నిమిషం విని చూశాను. భేషుగ్గా ఉంది. ఇక క్యాసెట్టు తీయబోతే, ప్లేయరు సగం రీలు మింగి కూర్చుంది. లాగాను. తెగింది. ఎంపీత్రీ ఉంది కదా అన్న ధైర్యంతో, తెగిన రీలును పెట్టెలో కుక్కి, అత్తకు చెప్పకుండా పట్టుచీరల మధ్య పెట్టేశాను. నాకు తెలియనిది ఒక్కటే: ల్యాప్‌టాప్ ఆ తీగను గుర్తించనే లేదు. తనకున్న సొంత మైకుతో, గదిలో వినబడిందంతా శ్రద్ధగా రాసుకుంది.

దేవేంద్ర నగర్‌లో ఒక హాల్లో రెండు వైపులవాళ్లూ కలిసి హల్దీ చేసుకున్నారు. (అది నలుగే. రాయపూర్‌లో డీజే వస్తే హల్దీ అవుతుంది.) పక్క ఊరు ధర్సీవా నుంచి వచ్చిన డీజే బీరువాలంతేసి స్పీకర్లు నాలుగు నిలబెట్టాడు. పాట మొదలైంది. అత్త కళ్లు తుడుచుకుంది. మొదటి వరసలో వియ్యపురాలు తల ఊపుతోంది. అంతలో నాలుగు బీరువాలూ ఒక్కసారే అడిగాయి: "ఎవుర్రా ఈ మనిషి?"

హాలంతా నవ్వింది. తరవాత వచ్చేదేమిటో తెలిసినవాళ్లం ముగ్గురం నవ్వలేదు. డీజే వైపు పరుగెత్తిన నేను నూనె, పసుపు కలిసిన నేల మీద జారి, మరదలి పీట దగ్గర ఆగాను. ఈలోగా గూడ్సు బండి ఘాటెక్కేసింది. నలభై ఏళ్లుగా కూరగాయలవాళ్లతో హిందీలో దెబ్బలాడిన మా అత్తకు ఆ కంగారులో మాతృభాషే వచ్చింది. "చాలు! చాలు!" అని రెండు చేతులూ ఊపుతూ అరిచింది.

డీజే సంతోషంగా బొటనవేలెత్తి చూపించాడు. "హాఁ దాయీ, చాలూ హే! ఫికర్ ఝన్ కర్!" (నడుస్తూనే ఉందమ్మా, దిగులు పడకు అని.) సరిపోలేదేమోనని సౌండు కూడా పెంచాడు. అత్త "చాలు" అన్నకొద్దీ వాడు పెంచాడు. పులిహోర అత్త గొంతులోనే వచ్చింది. ఆపైన నాది. నేను లేచి తీగ పీకేసరికి బండి పట్టాలు తప్పేసింది.

వియ్యపురాలు లేచింది. మెల్లగా నడుచుకుంటూ (నాయనమ్మ పోలికలో అబద్ధమేమీ లేదని అప్పుడే గమనించాను) నాయనమ్మ ముందుకొచ్చి నిలబడింది. మరదలి పెళ్లి నా చేతుల మీదుగా తప్పిపోతోందని నాకు ఖాయమైంది.

"గూడ్సు కాదు పిన్నిగారూ," అందావిడ. "మా వారు పనిచేసింది పాసింజరు మీద. నేను ప్రతి స్టేషన్లోనూ ఆగుతాను. కాస్త జరగండి, ఇక్కడ నాకు హాల్టు."

నాయనమ్మ ఆవిణ్ణి ఎగాదిగా చూసి, సోఫాలో జరిగింది. "సిగ్నలిచ్చీసినాను. రా, కూకో."

"పులిహోర సంగతి మాత్రం పెళ్లయ్యాక తేల్చుకుందాం వదినగారూ," అని అత్తతో అని, వియ్యపురాలు డీజే వైపు తిరిగింది. "భయ్యా, ఫిర్ సే చాలూ కరో. షురూ సే!" (మళ్లీ మొదటి నుంచి పెట్టమని.)

పెళ్లి జరిగింది. తెగిన రీలు అత్త ఎప్పుడు చూసిందో తెలియదు. నాకు పులిహోర వడ్డించడం మానేసిన రోజు చూసి ఉంటుందనుకుంటాను. ఇప్పుడు నాకు ఏ తీగ ఎక్కడ పెట్టాలో అంతా తెలుసు, కానీ ఎక్కించడానికి క్యాసెట్టు లేదు. నాయనమ్మా అత్తా ఇద్దరూ ఇప్పుడు ఆ ఫైల్లో మాత్రమే ఉన్నారు. ఆ రోజు ఈ ఇంజనీరుకు పని వచ్చి ఉంటే నాకు పాటలు మాత్రమే మిగిలేవి. కొన్ని ఆదివారాలు ఫోన్లో పెట్టుకుని మొత్తం వింటాను. చిట్టచివర, పాటలయ్యాక, అత్త అంటుంది: "చాలురా ఇంజనీరూ, చాలు." రాయపూర్‌లో పుట్టినవాణ్ణి కదా, ఆ మాట నాకు హిందీలోనే వినబడుతుంది.