ధనుస్సులో బయటపడ్డ మా ఆయన వయసు

ఈ సాయంత్రం మా రైల్వే క్వార్టర్లో నా కాళ్ల కింద నేల కదిలినంత పనైంది.

బీయస్సీ చదువుతున్న మా అమ్మాయి గోల్ బజార్‌లో ఇంగ్లీషు రాశిఫలాల పుస్తకం కొనుక్కొచ్చింది. సర్వీసు రికార్డులో వాళ్ల నాన్న పుట్టిన తేదీ జూలై ఒకటి. దాని ప్రకారం ఆయనది కర్కాటకమని తేల్చింది. మా అత్తగారు ఒప్పుకోలేదు. పెట్టె తెరిచి కొడుకు జాతకం తీశారు. అందులో సూర్యుడు ధనుస్సులో ఉన్నాడు.

"ఇంగ్లీషు లెక్కకీ మన లెక్కకీ ఒక రాశి తేడా వస్తాదట. ఇదేటి నాన్నమ్మా, ఏకంగా ఐదు రాశులు?" అంది అమ్మాయి.

అత్తగారు గొంతు తగ్గించారు. "ఏటి సేస్తామే? ఉద్యోగానికి వయసు సాల్లేదు. మీ తాత రెండేళ్లు ఎక్కువ రాయించీసేడు."

మా పెళ్లికి నక్షత్రాలే చూశారు గానీ ఏడాది ఎవరూ అడగలేదు. జాతకం లాక్కుని చూశాను. విరోధి నామ సంవత్సరం, పుష్యమాసం. నేను పుట్టింది అదే విరోధిలో, శ్రావణంలో. అంటే ఆయన నాకంటే ఐదు నెలలు చిన్న!

ఆయన డ్యూటీ నుంచి రాగానే, "మీకు తెలుసా?" అని అడిగాను.

"అచ్ఛా, తెలిసిపోనాదా? పెళ్లిచూపుల నాడే తెలుసు. సెప్తే నువ్వు ఒప్పుకుందువా ఏటి?" అన్నారు, బూట్లు విప్పుకుంటూ.

పెద్దవారు కదా అని ఇరవై ఏళ్లుగా ఆయన మాటకి ఎదురుచెప్పలేదు. మీరైతే రేపు పొద్దున్న "ఏమండీ" అని పిలుస్తారా?