తుడవని ముక్కు

మొన్న పుష్యమాసంలో, సోమవారం పొద్దున ఏడున్నరకు, జమ్మలమడుగులో ప్రొద్దుటూరు బస్సెక్కాను. పక్కన చంటిబిడ్డతో ఒక తల్లి కూర్చుంది. దగ్గుతున్న బిడ్డ ముక్కు కారి పెదవి మీదికి వస్తున్నా తుడవలేదు.

"ఏందమ్మా, తుడిస్తే కొంగు అరిగిపోతాదా?" అన్నాడు కండక్టరు ఓబులేసు.

నేనే తుడవబోతే ఆమె నా చేయి పట్టుకుంది.

"వద్దవ్వా. ఈ దగ్గు ఏ వైరస్‌తో వస్తాందో ప్రొద్దుటూరు ఆసుపత్రిలో డాక్టర్లు పరిశోధన చేస్తాండారు. వాళ్లకు చీమిడి కావాల. పోయినసారి డాక్టరు దగ్గరికి గదా అని ముక్కు కడిగి, పౌడరేసి తీసకపోతి. వాళ్లు ముక్కులో పెట్టే దూదిపుల్లకు ఏమీ అంటల్యా."

"చూసేవాళ్లు నవ్వుతాండారే!" అంది వెనక సీట్లో ఉన్న నా చెల్లెలు సుబ్బమ్మ.

"నవ్వనీలేమ్మా. దీనికి ముందు పుట్టినోడు ఇట్లాంటి దగ్గుతోనే పాయ. ఏం రోగమో ఎవురూ చెప్పలేకపాయిరి."

నేను చాచిన చేయి వెనక్కి తీసుకున్నాను; ప్రొద్దుటూరు వచ్చేదాకా బిడ్డ ముక్కు అట్లాగే ఉంది. ఆ పొద్దు అక్కడున్నది ఓబులేసు, సుబ్బమ్మ, నేను, పేరు చెప్పని ఆ తల్లి, ఆమె ఒళ్లో బిడ్డ.