ఉప్పు వెయ్యని గుంత

ఉదయం తొమ్మిదీ పదికి రాజరాజేశ్వరి చేతి గాజులు తీసి టిఫిన్ డబ్బా మూతలో పెడుతుంది. బంగారువి రెండు, మట్టివి ఎనిమిది. నల్లపూసల దండ జాకెట్టు లోపలికి దోపుకుని, పైట నడుముకు బిగించి, వరండా మూలనున్న నీళ్ల కుళాయిని ఓసారి పట్టుకుంటుంది. ఎండాకాలం ఒంట్లో నిలిచే విద్యుత్తు ఆ గొట్టం గుండా నేలలోకి దిగిపోవాలి. ఆ తర్వాతే కంప్యూటరు గదిలో అడుగు పెడుతుంది. నైలాను చీరలు ఫ్యాషనై ఊరంతా కడుతున్నా, ఆమె ఆ గదికి నూలు చీరలోనే వచ్చేది.

"పొద్దుగాల్నే బోడి చేతులేందమ్మా, చూడనీకె మంచిగుండదు," అనేది గదులు ఊడ్చే రుక్కమ్మ.

"గాజు తగిలి యంత్రంలో చిప్పు కాలు ఒక్కటి వంగినా పనికిరాకుండా పోతుంది రుక్కమ్మా."

"దానికి కాళ్లున్నయా?"

"వెయ్యికి పైనే ఉన్నాయి."

ఆ మాట విన్న రోజునుంచి రుక్కమ్మ ఆ గది గడప దగ్గరే చీపురు ఆపేసింది.

అది 1978 ఏప్రిల్. లింగంపల్లి స్టేషన్‌లో దిగి, జీపులో గోపన్‌పల్లి దాటి వెళితే, బండరాళ్ల మధ్య కొత్తగా కట్టిన పరిశోధన కేంద్రం కనిపించేది. చుట్టూ తంగేడు పొదలు, సీతాఫలం చెట్లు, ఏనుగంత గుండ్లు. మధ్యాహ్నమైతే రాళ్ల వేడికి గాలి అలలాడేది. మనుషుల అలికిడి తక్కువ. ఆ కేంద్రంలో టెక్నీషియన్లు ఇద్దరే. రాజరాజేశ్వరి ఒకరు. ముప్పై నాలుగేళ్లావిడ, తణుకు దగ్గర పుట్టింది, కాకినాడలో డిప్లొమా చదివింది, సచివాలయంలో పనిచేసే భర్తతో చిక్కడపల్లిలో కాపురం. రెండోవాడు రామబ్రహ్మం, నిజామాబాదు మనిషి.

ఇంట్లోనూ ఆమె తీరు అదే. కొత్త ప్రెషర్ కుక్కరు కొంటే మూడు రోజులు ఉత్త నీళ్లు కాచి, నాలుగో రోజు బియ్యం పోసింది. అత్తగారు నవ్వారు. ఆమె పట్టించుకోలేదు. ఏ వస్తువుకైనా మొదటి రోజు జరిగిన తప్పు చివరిదాకా అందులోనే ఉంటుందని ఆమె నమ్మకం.

ఆ నమ్మకానికి సాక్ష్యం కేంద్రం బీరువాలోనే ఉంది. యంత్రానికి మొదట వచ్చిన మదర్ బోర్డును ఒక సీనియర్ ఇంజనీరు ఒక్క పూటలో బిగించి, మీట నొక్కాడు. బోర్డు కింద ఇత్తడి వాషరు ఒకటి ఉండిపోయింది. బోర్డు మాడిన వాసన వారం రోజులు పోలేదు. ఆయన బదిలీ చేయించుకు వెళ్లిపోయాడు. విదేశం నుంచి రెండో బోర్డు రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. డైరెక్టరు భీమేశ్వరరావు గారు ఆ పెట్టెను రాజరాజేశ్వరి బల్ల మీద పెట్టించి చెప్పారు.

"ఇది కూడా పోతే మూడోది లేదండీ. యంత్రాన్ని వేరే ఊరికి ఇచ్చేస్తారు. డెబ్బైరెండు గంటలు ఆగకుండా, ఒక్క తప్పూ లేకుండా నడిస్తేనే మనకు ఉంచుతారు."

యంత్రం పోతే ఆమె మళ్లీ పాత పనికి, ఫ్యానులూ స్టెబిలైజర్లూ బాగుచేసే పనికి వెళ్లాలి. ఆ సంగతి ఆయన చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

ఆమె తొందరపడలేదు. ముందు బోర్డు లేకుండానే విద్యుత్ సరఫరాకు ఉత్త బల్బు తగిలించి ఒక రోజంతా వెలిగించి చూసింది. పీఠానికి విప్పిన మరలు ఇరవై, తిరిగి బిగించినవి ఇరవై. భూతద్దంతో బోర్డు అడుగంతా వెతికింది. బోర్డు ఒక్కదానికే కరెంటు ఇచ్చి, ప్రతి గాడిలోనూ అయిదు వోల్టులు వస్తున్నాయో లేదో కొలిచింది. అప్పుడు మొదలుపెట్టింది ఆ గాడుల్లో కార్డులు గుచ్చడం. రోజుకొకటి.

"ఆరు కార్డులు ఆరు నిమిషాల పని కదండీ," అన్నారు భీమేశ్వరరావు గారు.

"ఒక్క పూటలో పెట్టింది బీరువాలో ఉందండి," అంది.

ఆరో రోజు అన్నీ అమిరాయి. యంత్రానికి కరెంటు ఇచ్చి, పని మాత్రం తాళం చెవితో ఆపి ఉంచింది. అందులో ఇంకా ఏ ప్రోగ్రామూ లేదు. ముందు పలక మీద పదహారు దీపాలు నల్లగా ఉండాలి. మధ్యాహ్నం మూడు దాకా అలాగే ఉన్నాయి.

మూడు దాటాక ఏడో దీపం వెలిగింది. ఆరింది. పదకొండోది వెలిగింది. తర్వాత మూడోది. మళ్లీ ఏడు.

రామబ్రహ్మం మెల్లగా వెనక్కి జరిగాడు. "లోపల ఎవరో వేళ్లు లెక్కబెట్టుకుంటున్నట్టు లేదు?"

రాజరాజేశ్వరి అరచేతిని యంత్రం ఇనుప పెట్టె మీద ఆనించింది. దీపాలు ఆగిపోయాయి. చెయ్యి తీసింది. ఏడు. పదకొండు. మళ్లీ ఆనించింది. ఆగాయి.

వరండా తలుపు దగ్గర నీళ్ల బకెట్లతో నిలబడ్డ పెంటయ్య ఇదంతా చూస్తున్నాడు. రుక్కమ్మ మొగుడు. కేంద్రంలో కావలి, తోట, తవ్వకం అన్నీ అతనివే. అంతకు ముందు ఊళ్లో చచ్చినవాళ్లకు గుంతలు తవ్వేవాడు. "అది నీ చెయ్యి అడుగుతున్నదమ్మా," అన్నాడు.

ఆమెకు తెలిసిన కారణం వేరే. యంత్రానికి నేల సరిగ్గా అందడం లేదు. అందుకే ఆమె ఒళ్లే దానికి నేల అవుతోంది. కేంద్రం వెనక ఎర్తింగ్ కోసం పది అడుగుల గుంత తవ్వి, అడుగున రాగి రేకు పెట్టి పూడ్చారు. రేకు చుట్టూ ఒక పొర బొగ్గు, ఒక పొర ఉప్పు, మళ్లీ బొగ్గు, మళ్లీ ఉప్పు ఉండాలి. తడి ఆరకుండా రోజూ రెండు బకెట్ల నీళ్లు పోయాలి. గుంత పూడ్చిందీ, ఆ నీళ్లు పోసేదీ పెంటయ్యే. మీటరు తెచ్చి కొలిచింది. నేల నిరోధం రెండు ఓములు దాటకూడదు. నలభై ఒకటి ఉంది.

"పెంటయ్యా, ఉప్పు ఎన్ని బస్తాలు వేశావు?"

అతను బకెట్లు కింద పెట్టాడు. "ఎయ్యలేదమ్మా."

"ఒక్కటీ వెయ్యలేదా?"

"అన్ని షెడ్డుల ఉన్నయి. దాస్తెనో, తింటెనో నెత్తురు కక్కుకొని చస్తనమ్మా. మా తాన మనిషిని పండవెట్టినంకనే ఉప్పేస్తరు. మనిషి లేని గుంతల ఉప్పేస్తే, గుంత ఊకుంటదా? మనిషిని అడుగుతది. మా బిడ్డ నిండు నెలలతోని ఉన్నది. నా చేతుల్తోని ఎట్ల ఎయ్యాలె?"

తిట్టడానికి నోరు తెరిచింది. గుంత మళ్లీ తవ్వమని మాత్రం అడిగింది. తవ్వాడు. రెండు రోజులు పట్టింది. రాగి రేకు బయటపడే సరికి పచ్చబడి ఉంది.

పెంటయ్య గడ్డ మీద చేతులు కట్టుకు నిలబడ్డాడు. షెడ్డులోంచి బస్తాలు మాత్రం మోసుకొచ్చాడు. రాజరాజేశ్వరి గట్టున కూర్చుని దోసిళ్లతో ఉప్పు తీసి గుంతలోకి వదలడం మొదలుపెట్టింది. కళ్లుప్పు రాగి మీద పడి చిటచిటలాడింది.

"ఆగమ్మా," అన్నాడు పెంటయ్య. "ఉప్పేసేటప్పుడు ఎవలదో పేరు చెప్పాలె. పేరు లేకుంటే ఎవలి మీదికి పోతదో ఎరుకలేదు."

ఆమెకు ఎండ మండుతోంది. అరచేతులు ఉప్పుకు కోసుకుపోయాయి. ఏ కాగితంలోనూ ఒక గడిని ఖాళీగా వదిలే మనిషి కాదు. "నా పేరే చెబుతాలే. రాజరాజేశ్వరి. సరేనా?"

రుక్కమ్మ చీపురు పారేసి పరుగెత్తుకొచ్చింది. "ఒట్టిగనే అన్ననని అనమ్మా! ఇప్పుడే అను, జల్ది అను!"

"పని కానియ్యండి ముందు," అంది.

సాయంత్రానికి గుంత పూడ్చారు. నాలుగు బకెట్లు పోశారు. మర్నాడు ఆదివారమైనా వచ్చి కొలిస్తే ఒకటిన్నర ఓము. దీపాలు పదహారూ నల్లగా నిలిచాయి. మూడయింది, నాలుగయింది, ఒక్కటీ వెలగలేదు. రామబ్రహ్మం ఆమె వీపు మీద చరిచినంత పని చేశాడు. సోమవారం పదకొండు దాటిన రెండు నిమిషాలకు పరీక్ష మొదలుపెట్టారు. పగలు ఆమె, రాత్రి అతను.

అప్పటినుంచీ పెంటయ్య ఆమెకు నమస్కారం పెట్టడం మానేశాడు. ఎదురైతే పక్కకు తొలగి తల దించుకునేవాడు. పాడె పోతుంటే దారిలో మనుషులు నిలబడతారే, అలాగ. ఆమె ఏదైనా అడిగితే రుక్కమ్మకు జవాబు చెప్పేవాడు.

మంగళవారం ఉదయం ఆమె జీపు దిగి వెనక వైపు నుంచి వస్తుంటే అతని గొంతు వినబడింది. గుంత మీద వంగి, లోపలికి దిగిన గొట్టంలోకి నీళ్లు పోస్తున్నాడు.

"తాగు, రాజేశ్వరమ్మా. నిదానంగ తాగు. ఇంకో బకెటున్నది."

ఆమె ఆగలేదు. చప్పుడు కాకుండా గదిలోకి వెళ్లింది. సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు సంచిలో నీళ్ల సీసా బరువుగా తగిలింది. మూత కూడా తియ్యలేదు. బయట నూట ఎనిమిది డిగ్రీల ఎండ. రోజంతా దాహం వెయ్యలేదని అప్పుడు గమనించింది. బుధవారమూ అంతే. ఆ మాట భర్తతో చెప్పలేదు.

గురువారం పరీక్షకు ఆఖరి రోజు. పది గంటలకు గంట మాత్రమే మిగిలింది. అప్పటిదాకా తప్పుల్లేవు. భీమేశ్వరరావు గారు రెండుసార్లు వచ్చి లెక్కలు అచ్చుకొట్టే టెలిటైపు వైపు చూసి వెళ్లారు. రామబ్రహ్మం రాత్రంతా కూర్చున్నా ఇంటికి పోలేదు.

పదీ పదికి వరండా తలుపు మీద ఎవరో గోరుతో గీకారు. పెంటయ్య. అయిదు రోజుల్లో మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. అతని వెనక, గుంత మూసిన బండ మీద మోదుగాకు విస్తరి ఉంది. అందులో అన్నం, పప్పు, ఒక ముంతలో నీళ్లు. ప్రహరీ గోడ మీద కాకులు వరసగా కూర్చున్నాయి. పది దాకా ఉంటాయి. ఒక్కటీ కదలడం లేదు.

"అయిదొద్దులాయె గదమ్మా," అన్నాడు. "పిట్టకు వెట్టిన. పొద్దుటి సంది కూసున్నయి, ముడుతలేవు. నీకేదో కోరిక మిగిలినట్టుంది. ఏందో చెప్పమ్మా, నేను చెప్త వాటికి."

రామబ్రహ్మం లేచాడు. "ఏయ్ పెంటయ్యా, తమాషానా? బతికున్న మనిషిని పట్టుకొని…"

రాజరాజేశ్వరి చెయ్యెత్తి ఆపింది. ఆమె చూపు దీపాల మీదే ఉంది. పదహారూ పరుగెడుతున్నాయి, ఈసారి ఆమె చెప్పిన పనికి.

"పదకొండింటికి ఇది పూర్తవ్వాలి పెంటయ్యా," అంది. "ఒక్క తప్పు లేకుండా."

"గంతేనా?"

తణుకులో తల్లి ఉంది. చిక్కడపల్లిలో భర్త ఉన్నాడు. ఇంకేదైనా అడగొచ్చు.

"అంతే," అంది.

అతను వెళ్లి బండ ముందు చేతులు జోడించి, గోడ వైపు తిరిగి ఏదో చెప్పాడు. కాకులు మెడలు తిప్పాయి. దిగలేదు. అతను ఎండలోనే గొంతుక్కూర్చున్నాడు. లోపల రామబ్రహ్మం గోడ గడియారాన్నీ, ఆమెనూ మార్చి మార్చి చూస్తున్నాడు.

టెలిటైపు ఒక్కసారిగా కదిలి కాగితం మీద రెండు వరసలు కొట్టింది. గంటలు డెబ్బైరెండు. తప్పులు సున్నా. రామబ్రహ్మం కేకవేసి డైరెక్టరు గది వైపు పరుగెత్తాడు. బయట రెక్కలు టపటపలాడిన చప్పుడు. తర్వాత పెంటయ్య గొంతు, అలసటగా, తేలికగా.

"ముట్టిందమ్మా. పోయిరా ఇగ."

ఆమె రిజిస్టరు తెరిచి, పరీక్ష ముగిసిన సమయం అన్న గడిలో గడియారం చూసి రాసింది. పదకొండు గంటల రెండు నిమిషాలు.