నాలుగింటి పుస్తకం

మా ఆవిడ పోయిన నెలకి ఆఫీసు వాళ్లు ఆమె వస్తువులు ఒక అట్టపెట్టెలో పంపారు. పైన ఒక చీటీ ఉంది: స్వెటరు, టిఫిను డబ్బా, కళ్లజోడు, నల్ల అట్ట లాంగ్‌బుక్కు. పెట్టె చాలా నెలలు తెరవలేదు. తెరిచింది ఒక శనివారం మధ్యాహ్నం, అదీ వేరే మనిషి అడిగితే.

ఆమె పనిచేసింది తార్నాకలో, మెట్రో స్టేషన్ వెనక సందులో, రెండో అంతస్తులో ఉన్న చిన్న కంపెనీలో. ల్యాబుల్లో త్రాసులూ థర్మామీటర్లూ సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడం వాళ్ల పని. నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో మేనేజ్‌మెంట్ పాఠాలు చెబుతాను. ఒక సంస్థ ఎలాంటిదో తెలియాలంటే అక్కడి మనుషులు దేనికి భయపడుతున్నారో చూడమని ఏటా కొత్త బ్యాచికి చెబుతాను. ఉదాహరణలు దూరదేశాల కంపెనీల నుంచి తెచ్చుకునేవాణ్ని. మా ఆవిడ ఆఫీసు ఎప్పుడూ గుర్తు రాలేదు. మరీ చిన్నదనుకున్నాను.

అక్కడ ఒక అలవాటు ఉండేది. సాయంత్రం నాలుగింటికి టీ వచ్చేసరికి బల్ల మీద ఆ లాంగ్‌బుక్కు ఉండేది. ఆ రోజు పనిలో ఎవరు తప్పు చేస్తే వాళ్లే అందులో రాయాలి. ఇంకొకరి తప్పు రాయకూడదు. ఎలా సరిచేశారో కింద రాయాలి. రాసినవాళ్లను ఎవరూ ఏమీ అనకూడదు. మొదటి పేజీలో కంపెనీ పెట్టిన పెద్దాయన తన తప్పే రాసుకున్నాడు. ఫ్యాను తిరుగుతుండగా దాని కిందే త్రాసు పెట్టి పరీక్షించాడట.

వయసు మీదపడి ఆయన కంపెనీని ఒక పెద్ద సంస్థకు అమ్మేశాడు. వచ్చినవాళ్లు చెడ్డవాళ్లేమీ కారు. ఏసీలు పెట్టించారు. అందరికీ ఆరోగ్య బీమా చేయించారు, మా ఆవిడ జబ్బు పడ్డప్పుడు అదే ఆదుకుంది. అక్కా, సార్ అనే పిలుపులు మానేసి పేర్లతో పిలుచుకోమన్నారు. తప్పులు కంప్యూటర్లో ఎక్కించమన్నారు. అవి ఏడాది చివర రేటింగులోకి వెళ్లేవి. ఒక్క తప్పూ ఎక్కని నెలకి కేకు కోసేవారు.

కేకు రాని నెలల్లో దానికి కారణం ఎక్కువగా మా ఆవిడే. ఆ ఏడు ఆమె రేటింగు అందరికన్నా తక్కువ వచ్చింది.

"ఆఫీసు మొత్తానికి మొద్దుని నేనేనటండీ" అని నవ్వింది.

"మిగతావాళ్లు తప్పులు చెయ్యరా?"

"చేస్తారు. చెప్పడం మానేశారంతే."

ఆమె పోయాక కేకు ప్రతి నెలా వచ్చింది. ఈ సంగతి నాకు చెప్పింది ఆ శనివారం వచ్చిన అమ్మాయి. వారాసిగూడలో ఉంటుంది, మా ఆవిడ దగ్గరే పని నేర్చుకుంది. టీ ఇస్తే ముట్టుకోకుండా కూర్చుంది.

"అక్క ఉంటే అక్కనే అడిగేదాన్ని సార్. మీరైతే గివన్నీ చదువుకున్నోళ్లు."

త్రాసుల్ని పరీక్షించే రెండొందల గ్రాముల ఉక్కు తూకపురాయి ఆమె చేతిలోంచి జారి గచ్చు మీద పడింది. పైకి ఏమీ కాలేదనిపించి, ఆ వారమంతా దాంతోనే మూడు ల్యాబుల్లో త్రాసులు సరిచేసింది. తర్వాత అనుమానం వచ్చి పోల్చి చూస్తే, అంచు చిట్లి రాయి రవ్వంత తక్కువ తూగుతోంది. ఆ మూడింటిలో ఒకటి మందులు పరీక్షించే ల్యాబు. ఈమె ఉద్యోగం పర్మనెంట్ కావలసింది వచ్చే నెలలో.

"ఎవ్వరికీ తెల్వదు సార్. కొత్త రాయి పెట్టేస్తే అయిపోతది. కానీ గాడ త్రాసు తప్పే చూపిస్తుంటది కదా."

"చెబితే?"

"పర్మనెంట్ ఆపుతరు. ఇంట్ల నా ఒక్కదాని జీతమే. ఇంకోటి, ఎనిమిది నెలల సంది కేకు వస్తున్నది. నా వల్ల బందైతే అందరు నా మొహమే చూస్తరు."

ఇరవై ఏళ్లుగా చెబుతున్న పాఠాలకు బదులు నా సంగతే ఒకటి గుర్తొచ్చింది. ఒకసారి నేను రాసిన ప్రశ్నల్లో ఒకటి సిలబస్‌లో లేనిది. పరీక్ష రోజున విద్యార్థులు గొడవ చేశారు. ఆ పేపరు ఇద్దరం కలిసి తయారుచేశాం, రెండో ఆయన అప్పటికే రిటైరయ్యాడు. మీటింగులో తప్పు ఆయనదే అయుంటుందని ఎవరో అన్నారు. నేను మాట్లాడలేదు. మా ఆవిడకు కూడా చెప్పని ఆ సంగతి ఈ అమ్మాయికి చెప్పాను.

"మీరు పాఠం చెప్పేదే గిది కదా సార్?"

"అవునమ్మా."

"మరి?"

"మరేమీ లేదు. భయపడ్డాను."

ఆమె అప్పుడు టీ గ్లాసు చేతిలోకి తీసుకుంది. "నాలుగింటి పుస్తకం మీ తాన్నే ఉన్నదట. ఒక్కసారి చూడొచ్చా?"

పెట్టె దించాను. పుస్తకంలో మొదటి పేజీల నిండా రకరకాల చేతిరాతలు. కంపెనీ చేతులు మారాక మిగిలింది ఒక్క మా ఆవిడ చేతిరాత. ఆ అమ్మాయి ఒకచోట ఆగి పైకి చదివింది: "ఇవాళ ఒక థర్మామీటరు రీడింగు చూడకుండా నిన్నటిదే వేశాను. ఆస్పత్రికి వెళ్లాలన్న తొందర ఉంది. కానీ కారణం అది కాదు, చూడలేదు. ల్యాబుకు ఫోన్ చేసి చెప్పాను. రేపు మళ్లీ వెళ్తాను."

ఆ రోజే ఆస్పత్రిలో మాకు జబ్బు పేరు చెప్పారు. మర్నాడు సెలవు పెట్టమని ఆమెతో పోట్లాడాను. వినకుండా ఎందుకు వెళ్లిందో ఇప్పుడు తెలిసింది.

ఆ అమ్మాయి పెన్ను అడిగి, ఖాళీ పేజీలో నాలుగు వరుసలు రాసింది. సోమవారం సాయంత్రం ఫోన్ చేసింది.

"చెప్పిన సార్. మేనేజర్ ముందుగాల, 'ఇంకెవరికి తెలుసు' అన్నడు. తర్వాత నాతోని ఆటోల మూడు ల్యాబులకు వచ్చిండు. కొత్త రాళ్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఆటోవాలా మీద ఒర్రుడే."

"మందుల ల్యాబు వాళ్లేమన్నారు?"

"బాగనే తిట్టిండ్రు. వారం పని మళ్ల చెయ్యాలె కదా. తిట్టి చాయ్ తాపిండ్రు."

పర్మనెంట్ మూడు నెలలు వెనక్కి జరిపారట. రూలు ప్రకారం అంతకన్నా తగ్గించలేనని మేనేజర్ అన్నాడట. తిరిగొచ్చేటప్పుడు ఆమె పుస్తకం సంగతి చెబితే, ఒకసారి చూడొచ్చా అన్నాడట.

రెండు రోజులు పుస్తకం నా దగ్గరే ఉంచుకున్నాను. మా ఆవిడ చేతిరాత అంత ఎక్కువగా ఉన్నది మా ఇంట్లో ఇంకేదీ లేదు. క్యాంపస్ గేటు దగ్గర జిరాక్స్ షాపుకు వెళ్లి ఆ పేజీలు కాపీ తీయించుకున్నాను. బుధవారం నాలుగు గంటలకు ముందే తార్నాక వెళ్లి పుస్తకం ఆ అమ్మాయి చేతికిచ్చాను. అందులో ఇంకా చాలా తెల్లకాగితాలు మిగిలి ఉన్నాయి.

వెనక్కి నడిచి వస్తూ రిటైరైన ఆయనకు ఫోన్ చేసి ప్రశ్న సంగతి చెప్పాను. "ఇన్నాళ్లూ అది నేనే చేశాననుకున్నానయ్యా" అన్నాడు. నేను క్షమించమన్నాను. ఆయన మా ఆవిడ గురించి అడిగాడు. పోయిందని ఆయనకు తెలియదు.

పోయిన వారం ఆ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. పర్మనెంట్ కాగితం వచ్చిందట. కేకు సంగతి అడిగాను.

"రాలే సార్" అంది. "నాలుగు నెలల సంది రాలే."