స్వర్ణముఖిని వెనక్కి పారించిన వారం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం భూమ్మీద లేదు, భూమి కింద అసలే లేదు. పొరలు చదవడం నేర్చినవాడు పొరబడతాడని ఎవరనుకుంటారు? (నా తెలివితక్కువతనం ముందే ఒప్పుకుంటే మీరు కాస్త తక్కువ నవ్వుతారని ఆశ.) తిరుపతిలో భూగర్భశాస్త్రం చదువుతూ, ఏటి ఇసుక పొరలుగా ఎలా పేరుకుంటుందన్నది ప్రాజెక్టుగా తీసుకున్నాను. సూత్రం తేలికే. నీరు ఇసుక దిబ్బల్ని నెట్టుకుపోతుంటే, దిబ్బ ముందువైపు ఇసుక జారి ఏటవాలు పొరగా నిలుస్తుంది. పొర ఎటు వాలితే నీరు అటు పారినట్టు.

చంద్రగిరి దగ్గర స్వర్ణముఖి ఒడ్డున కోసుకుపోయిన గట్టు ఒకటి దొరికింది. లోపలి పొరలు కొట్లో ఒకవైపు ఒరిగిన నగరి చీరల దొంతరలా ఉన్నాయి. దిక్సూచి పెడితే అన్నీ పడమటికే వాలాయి. తూర్పున సముద్రానికి పోయే ఏరు ఒకప్పుడు కొండల్లోకి పారిందన్నమాట. వారం రోజులు ఎండలో మోకాళ్లమీద కూర్చుని కొలిచాను. (మధ్యలో యూరియా సంచి ముక్క ఒకటి పొడుచుకొచ్చింది. ఫొటోకు అడ్డమని లాగి పారేశాను.)

సంగతి చెబితే మా గైడు సారు మారుమాట లేకుండా బస్సెక్కి వచ్చారు. ఆయన సంతకం లేనిదే నాకు ఆ ఏడు పరీక్ష లేదు. గట్టు ముందు నిలబడి నది తిరగబడిన వైనం వర్ణిస్తుంటే, పక్క చేలో టమాటాకు నీళ్లు కడుతున్న పెద్దాయన పార భుజాన వేసుకుని వచ్చి, ఓపిగ్గా చివరిదాకా విన్నాడు.

"ఏరు యాడ తిరిగిందప్పా? ఈ గట్టు పోయినేడు నేను పోయించిందే. ట్రాక్టరు తూర్పు నుంచి కుమ్మరిస్తా కుమ్మరిస్తా పడమటికి పోయింది. వానకు సగం కొట్టుకోనిపోయింది."

సారు నవ్వలేదు. అదే ఘోరం. ఈ మాట వీడికి ముందే చెప్పకూడదా అని మాత్రం అడిగారు.

"వారంగా సూస్తానే ఉండా సారూ. గట్టుకు ఏదో మొక్కుకోనుంటాడు, కదిలించేది ఎందుకులే అనుకున్నా."

కొలతలన్నీ కొట్టేసి, నడి ఏట్లో గోతులు తవ్వి, రెండు నెలలు మళ్లీ కొలిచాను. సారు మాత్రం కొత్తగా చేరిన ప్రతివాడికీ, నన్ను పక్కన నిలబెట్టుకునే, ఈ కథ చెప్పేవారు. నా పేరు 'ట్రాక్టరు యుగం'గా స్థిరపడింది.

ప్రాజెక్టు పుస్తకంలో మొదటి కృతజ్ఞత గైడుకే చెప్పడం మా శాఖ ఆచారం. నేను ఆ చోటు పెద్దాయనకిచ్చాను: 'ఒక నిక్షేపం ఏర్పడిన తీరును సందేహానికి తావులేకుండా నాకు వివరించిన ఏకైక వ్యక్తికి.' సారు రెండోవారు. ఆ పేజీ చూశాకే ఆయన సంతకం చేయాలి. చదివారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు. నా వైపు చూడకుండా సంతకం పెట్టారు.

ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ పేజీ తీసి చూసుకుంటాను. నాకూ ఒకప్పుడు అంత పొగరుండేదా అని ముచ్చటేస్తుంది.