జర్మనీ చూసొచ్చిన జగదీశ్వరరావు

నర్సీపట్నం అబిద్ సెంటర్లో, టీ కొట్టు ముందు నిలబడి, జగదీశ్వరరావు తన భార్య ఉద్యోగం గురించి చులకనగా మాట్లాడేవాడు. "ఏటి ఉద్యోగం, రోగిష్టోళ్ళ పక్క బట్టలు మార్చే ఉద్యోగం" అనేవాడు. ఇంటి అద్దె, స్కూటరు పెట్రోలు, అతని చేతిలో ఉన్న ఆ టీ, అన్నీ ఆ ఉద్యోగం మీద వచ్చినవే. అతనికంటూ ఒక ఇన్సూరెన్స్ ఏజెన్సీ ఉండేది. పాలసీలు కట్టించింది తక్కువ, ఇస్త్రీ చొక్కా నలగకుండా తిరిగింది ఎక్కువ.

సత్యవేణి ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. కొయ్యూరు కొండల నుంచి జ్వరాలతో దిగేవాళ్ళు డాక్టరు కంటే ముందు ఆమె కోసం చూసేవారు. జర్మనీలో నర్సులు కావాలట అని తోటి నర్సు చెప్పాక, ఆమె ఫోనులో ఆ భాష నేర్చుకోవడం మొదలుపెట్టింది. కూర కలుపుతూ ఆ మాటలు తనలో తాను పలికి చూసుకునేది.

"గొంతులో ముల్లు దిగినట్టు ఏటా మాటలు? ముందు బేగి అన్నం పెట్టు" అనేవాడతను.

పరీక్ష పాసయింది. ఒక వృద్ధాశ్రమంలో ఉద్యోగం వచ్చింది. ఆ పూట నుంచి జగదీశ్వరరావు "మేం జర్మనీ ఎల్తున్నాం" అనడం మొదలుపెట్టాడు. సెంటర్లో ఫ్లెక్సీ కూడా కట్టించాడు. అందులో కోటు వేసుకున్న అతను నిలువెత్తున ఉన్నాడు, సత్యవేణి ఒక మూల స్టాంపు బిళ్ళంత ఉంది. కింద 'మిత్రబృందం' అని రాసి ఉంది. ఆ మిత్రులెవరో ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఆమె ముందు వెళ్ళింది. కొన్నాళ్ళకు ఆమె భర్తగా వచ్చిన వీసా మీద అతనూ వెళ్ళాడు.

అక్కడ అతన్ని పలకరించేవాళ్ళు లేరు. దుకాణాల్లో ఆమె మాట్లాడుతుంటే సంచీ పట్టుకుని వెనక నిలబడేవాడు. ఒకరోజు కాగితాలకని విడిగా పెట్టిన చెత్తడబ్బాలో మిగిలిన సాంబారన్నం పారేశాడు. కింది వాటాలోని పెద్దావిడ వచ్చి అలా వేయకూడదని వేలితో చూపించి చెప్పింది.

"నన్ను నిలదీస్తాదా ఆ ముసల్ది?" అని సాయంత్రం దాకా రగిలాడు.

"ఇక్కడ ఎవరికైనా అలాగే సెప్తారండీ" అంది సత్యవేణి.

ఆమే వాళ్ళనీ వీళ్ళనీ అడిగి అతనికి ఒక హోటలు వంటింట్లో గిన్నెలు కడిగే పని చూసింది.

"నర్సీపట్నంలో నన్ను గారు అంటారు, తెలుసా?"

"ఇక్కడ నన్ను కూడా ఎవరూ గారు అనరండీ. జీతం మాత్రం ఇస్తారు."

రెండు రోజులు వెళ్ళాడు. ఆ తర్వాత నడుంనొప్పి పట్టుకుంది. పగలంతా దుప్పటి కప్పుకుని ఫోను చూస్తూ, ఆమె డ్యూటీ నుంచి వచ్చి వండేదాకా ఆకలితో పడుకునేవాడు. బియ్యం కడిగి కుక్కరు పెట్టడం తన పని అని అతనికి ఒక్కసారీ తోచలేదు. ఒకరోజు ఆమె వండుకుని, తన కంచంలో వడ్డించుకుని తిని, "కుక్కర్లో ఉంది, పెట్టుకోండి" అని పడుకుంది. పెళ్ళయ్యాక ఆమె అతనికి వడ్డించకపోవడం అదే మొదలు.

"నేను ఇంటికెళ్ళిపోతాను" అన్నాడు మర్నాడు. బతిమాలుతుందనుకున్నాడు. ఆమె ఫోను తీసి, "కిటికీ పక్క సీటు కావాలా?" అని అడిగింది.

ఊళ్ళో దిగాక, చలి పడలేదని ఒకరికి, ఆ దేశపోళ్ళు ఉండమని బతిమాలారని ఇంకొకరికి చెప్పాడు. విదేశీ ఉద్యోగ సలహాదారునని కార్డులు కూడా కొట్టించాడు. సలహా కోసం ఎవరూ రాలేదు. సత్యవేణి ఒకసారి ఫోన్ చేసి, "టిక్కెట్టు నేను తీస్తాను, రండి. కానీ ఈసారి పని చెయ్యాలి" అంది. సిగ్నల్ లేదని పెట్టేశాడు.

తర్వాతి ఏడాది ఆమె చెల్లెలు ఈశ్వరికీ అక్కడే నర్సు ఉద్యోగం వచ్చింది. విశాఖ విమానాశ్రయానికి జగదీశ్వరరావు పిలవకుండానే వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో.

"అక్కడోళ్ళు మనల్ని తక్కువగా చూస్తారమ్మా. నేను అన్నీ చూసొచ్చాను కదా, జాగర్త" అన్నాడు, చుట్టుపక్కల వాళ్ళకు వినపడేలా.

ఈశ్వరి అతని వైపు చూసింది. కోపం కూడా తెచ్చుకోలేదు.

"కాస్త పక్కకి జరగండి బావగారూ, ట్రాలీకి అడ్డంగా ఉన్నారు" అంది.

అతను జరిగాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.